నా చేతిని నరికిన పత్రిక

నా కుడిచెయ్యి జర్మన్ సిపాయి నరికాడని ఇంగ్లండులో గ్రేవ్లీ అనే రేవుపట్నంలో ఇప్పటికీ చెప్పుకునేవాళ్ళున్నారట. చెప్పుకోనీ. నా చేతిని తిన్నది నార మిల్లు. యుద్ధానికి రెండేళ్ళ ముందే తినేసింది. అవిసె కట్టని తిరిగే చక్రం రెక్కల కింద పట్టి, బెరడు రాలగొట్టి, నార తీసే పని నాది. ఒకనాడు కట్ట చిక్కుపడి లోపలికి పోయింది. దాన్ని వదలకుండా పట్టుకున్న చెయ్యీ పోయింది. డాక్టరు మణికట్టు పైదాకా కోసి కుట్టాడు. అంతే. ఇందులో కత్తి లేదు, గుర్రం లేదు, మీసాలు మెలేసే ఆఫీసరు లేడు. పత్రికలో అమ్ముడుపోయే సరుకు ఒక్కటీ లేదు.

జర్మనులు మంచివాళ్ళని నేననను. 1914 సెప్టెంబరులో వాళ్ళు మా బెల్జియంలో డెండర్‌మోండ్ పట్నాన్ని తగలబెట్టారు. దాని పక్కనే మా ఊరు. మా పొరుగింట రొట్టెలు చేసే పొలిదోర్‌ని అతని కొట్టు గోడకే నిలబెట్టి కాల్చారు. చేతులకి పిండి ఉండగానే పోయాడు పాపం. అది నా కళ్ళారా చూశాను. ఆ రాత్రే మా అమ్మ రొమానీ, నేనూ మూట కట్టుకుని నడిచి, రైలెక్కి, పడవెక్కి, వాంతులు చేసుకుంటూ గ్రేవ్లీలో తేలాం. అప్పుడు నాకు పంతొమ్మిది.

మమ్మల్ని ఇంట్లో పెట్టుకున్నావిడ పేరు హ్యారియెట్ టాప్సెల్. అమ్మ నోటికి అది టాప్సెలమ్మ అయింది, నాకూ అదే అలవాటైంది. మొగుడు పోయాక సముద్రపొడ్డున అద్దెగదుల ఇల్లు నడుపుకుంటోంది. వేసవిలో లండన్ నుంచి గాలి మార్పుకి వచ్చేవాళ్ళే ఆవిడ బతుకుతెరువు. యుద్ధం వచ్చాక గాలి ఎవరికీ అక్కర్లేకపోయింది. ఖాళీ గదిలో మమ్మల్ని దింపి, వేడివేడి టీ ఇచ్చి, నా ఖాళీ చొక్కాచెయ్యి చూసి, ముక్కు ఎగబీల్చుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. అడగలేదు. అడిగినా మాకు ఇంగ్లీషు రాదు.

అడిగింది ఆవిడ కొడుకు విల్ఫ్. పడవలు బాగుచేసే వడ్రంగి. ఇరవై రెండేళ్ళుంటాయి, చెవులు కాస్త పెద్దవి. నా మొండిచేతి వైపు చూపించి, కనుబొమలు ఎగరేశాడు. నేను ఎడమచేత్తో గాల్లో చక్రం తిప్పి, గరగరమని నోటితో మోతచేసి, చెయ్యి లోపలికి పోయినట్టు చూపించాను. "మెషీన్!" అన్నాడు. మా ఫ్లెమిష్ భాషలోనూ ఆ మాట అదే. ఇద్దరం నవ్వుకున్నాం. మర్నాడు ఒక పలక మీద మేకులు కొట్టి తెచ్చాడు. బంగాళాదుంపని వాటికి గుచ్చితే ఒంటిచేత్తో తొక్క తీసుకోవచ్చు. రెండేళ్ళలో మా ఊళ్ళో ఒక్కడికీ ఆ బుద్ధి పుట్టలేదు.

అడిగిన రెండోమనిషి హాగ్. మా సందు చివర పందిమాంసం కొట్టు ఆయనది. కిటికీలో వేలాడే సాసేజిలు చూడగానే అమ్మ కాళ్ళు ఆగిపోయాయి. లోపలికి దూరి, సాసేజిని మా భాషలోనే పేరుపెట్టి, "ఇది వర్స్ట్ కదూ?" అంది.

"వుర్స్టే! ఎక్కణ్ణుంచమ్మా మీరు?" అన్నాడాయన.

జర్మనువాడు. వచ్చి ఇరవయ్యేళ్ళయిందట. ఇంగ్లీషు పిల్లని చేసుకున్నాడు. ఆమె పేరు లాటీ. వాళ్ళ మాటా మా మాటా దాయాదుల్లాంటివి. నిదానంగా పలికితే సగం తెలుస్తుంది, మిగతా సగం పోట్లాడుకుంటే తెలుస్తుంది. ఆ ఊరు మొత్తంలో మా అమ్మ నోరువిప్పి మాట్లాడగలిగింది ఆ జర్మనువాడి కొట్లోనే. నా చెయ్యి చూసి, "మిల్లులోనా?" అన్నాడు. ఔనన్నాను. మాంసం కొట్టే కత్తికి బలైపోయిన తన చిటికెనవేలు చూపించి, "మనం పనివాళ్ళం, కాస్త కాస్తగా పాతిపెట్టుకుంటూ పోతాం" అన్నాడు.

అక్టోబరు మొదట్లో ప్రైస్ వచ్చాడు. "బీకన్" పత్రికవాడు. చూడ్డానికి రాక్షసుడిలా ఏం ఉండడు, జలుబుతో ముక్కు కారుతున్న మామూలు మనిషి. వెంట ఫొటో తీసేవాడు, దుబాసీగా డెలకావ్ దొర. ఈ డెలకావ్ బ్రస్సెల్స్ లాయరు. ఫ్రెంచి మాట్లాడే కుటుంబం. మా భాష ఆయనకి వంటమనిషిని కేకేసేటంతే వచ్చు.

"చొక్కా చెయ్యి పైకి లాగమను" అన్నాడు ప్రైస్. లాగాను. ఫొటోవాడు, "కొంచెం ఏడవమనండి" అన్నాడట. ఆ మాట డెలకావ్ సిగ్గుపడకుండా తర్జుమా చేశాడు.

"ఎందుకేడవడం? మానిపోయింది కదా" అన్నాను.

"ఎవరు చేశారిది?"

"ఎవరూ చెయ్యలేదు. నార మిల్లు మెషీను."

డెలకావ్ ఏదో చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. నాలుగు మాటలకి అంత తర్జుమా ఏమిటా అనుకున్నాను. ప్రైస్ పెన్సిలు పరిగెడుతోంది. నేను పొలిదోర్ సంగతి ఎత్తుకున్నాను. రొట్టెలాయన్ని కాల్చారు, చూశాను, పేరు రాసుకోండి, పెళ్ళాం కడుపుతో ఉంది అన్నాను. డెలకావ్ రెండు ముక్కల్లో చెప్పాడు. ప్రైస్ తలెత్తకుండా ఏదో అన్నాడు.

"తుపాకీకి పోయినవాళ్ళ సంగతులు ఆఫీసులో కుప్పలు పడున్నాయట. చెయ్యి అయితే కొత్త అట" అని డెలకావ్ నాకు చెప్పాడు.

నిజంగా చచ్చిన మనిషి పాతబడ్డాడు. ఎవరూ నరకని చెయ్యి కొత్త సరుకైంది.

రెండ్రోజుల తర్వాత టాప్సెలమ్మ పత్రిక చేతపట్టుకుని పరిగెత్తుకొచ్చి నన్ను కావలించుకుంది. ఏడుస్తోంది. పత్రికలో నా బొమ్మ. ఏమైందో తెలీక నేను ఆవిడ వీపు నిమురుతూ నుంచున్నాను. ఆ పూట నుంచి మా గుమ్మంలో తిరునాళ్ళే. బొగ్గు వచ్చింది, మీగడ వచ్చింది, జామ్ సీసాలు వచ్చాయి. ఒక దొరసాని రెండుచేతులూ దూర్చుకునే బొచ్చు సంచి పంపించింది. ఇంకెవరో మహానుభావులు చేతితొడుగులు పంపించారు. జతలు జతలుగా. కుడివీ ఎడమవీ.

"ఎందుకే ఇవన్నీ?" అన్నాను అమ్మతో.

"తింటావా, మీమాంస చేస్తావా? వాళ్ళు పెడుతున్నారు, మనం తింటున్నాం. నోరు మూసుకుని తిను" అంది అమ్మ.

పత్రికలో ఏముందో మాకు చెప్పింది హాగ్. బేరం లేని కొట్లో, బల్లమీద బీకన్ పరుచుకుని, తన భాషలో ఒక్కో వాక్యం చదివాడు. నేను పదిహేనేళ్ళ పసిదాన్నట. చర్చిలో మోకరిల్లి ఉన్నానట. ఒక ఆఫీసరు గుర్రం మీద లోపలికొచ్చి, నా ప్రార్థన పుస్తకం లాక్కోబోతే, నేను వదలకపోతే, ఒక్క వేటుకి చెయ్యి నరికి, దాన్ని కత్తిమొనకి గుచ్చుకుని నవ్వుకుంటూ పోయాడట. మా అమ్మ ఆ రక్తంతో నేలమీద శిలువ గీసిందట.

అమ్మ నోరు తెరిచింది, మూసింది. "నేనా?" అంది.

హాగ్ కళ్ళజోడు తీశాడు. "నువ్వు చెప్పావా జుల్మా ఇదంతా?"

"మెషీను అని చెప్పాను."

"నాకు తెలుసు" అన్నాడు. "నాకు తెలిసి ఏం లాభంలే." మరో సాసేజి కట్టి అమ్మ చేతిలో పెట్టి, పగలుండగానే తలుపు వేసేసుకున్నాడు.

ఇంట్లో విల్ఫ్ కూడా వాళ్ళమ్మతో వాదించాడు. మాటలు తెలీకపోయినా వాడు గాల్లో చక్రం తిప్పి చూపించడం చూశాను. టాప్సెలమ్మ పత్రిక మీద వేలుపెట్టి కొట్టి కొట్టి చూపించింది. అచ్చులో ఉందిరా, అచ్చులో. నేను అక్కడే, ఆ బల్ల దగ్గరే, బతికున్న సాక్ష్యంలా దుంపల తొక్క తీస్తున్నాను. నన్ను అడగాలని మాత్రం ఆవిడకి తోచలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం టౌన్‌హాల్లో సైన్యంలో చేర్చుకునే సభ. శరణార్థుల కమిటీ దొరసాని స్వయంగా వచ్చి నన్ను బండిలో తీసుకెళ్ళింది. నా ఖాళీ చొక్కాచేతికి మా దేశపు జెండా రంగుల రిబ్బను కట్టి, దాన్ని మడిచి గుండెమీద చొక్కాకి గుండుసూదితో గుచ్చింది. వేదిక మీద కుర్చీ వేశారు. కింద హాలు కిక్కిరిసిపోయింది. బూట్ల వాసన, తడి ఉన్ని వాసన. నగరాధ్యక్షుడు బల్ల గుద్దాడు, పాదిరీ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. తర్వాత అందరి చూపూ నా మీద పడింది.

లేచాను. నాకు తెలిసిన ఒకే ఒక్క పనికొచ్చే మాట గట్టిగా అన్నాను. "మెషీన్!"

హాలు నిశ్శబ్దమైంది. అర్థమైంది వీళ్ళకి, అనుకున్నాను. ఇంకోసారి అన్నాను. చక్రం తిప్పి చూపించాను.

డెలకావ్ దొర ముందుకొచ్చి, చెయ్యెత్తి, గొంతు వణికించి ఒక వాక్యం చెప్పాడు. అదేమిటో విల్ఫ్ తర్వాత చెప్పాడు. "ఈ అభాగ్యురాలు తనకొచ్చిన ఒక్క ఇంగ్లీషు మాటతో మిమ్మల్ని హెచ్చరిస్తోంది. జర్మనీ మనుషుల దేశం కాదు, ఒక భయంకరమైన మెషీను!"

హాలు కప్పు లేచిపోయింది. టోపీలు ఎగిరాయి. కుర్రాళ్ళు ఒకర్నొకరు తోసుకుంటూ పేర్లిచ్చే బల్ల దగ్గరకి పోయారు. ఒక ముసలావిడ వేదికెక్కి నా మొండిచేతిని ముద్దుపెట్టుకుంది. విల్ఫ్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇద్దరమ్మాయిలు నవ్వుకుంటూ వాడి దగ్గరకెళ్ళి, కోటు బొత్తంలో తెల్ల ఈక గుచ్చారు. పిరికిపందలకిచ్చే బహుమానం అది. "చెయ్యి నరికించుకున్న పిల్ల మీ ఇంట్లోనే ఉంటే, నువ్వింకా ఇక్కడేనా?" అన్నారట. వాడు నా వైపు చూశాడు. నేను అడ్డంగా తలాడించాను. వాడు ఈక తీసి జేబులో పెట్టుకుని, వెళ్ళి వరసలో నిలబడ్డాడు.

సభ అయ్యాక జనం ఇళ్ళకి పోలేదు. మా సందులోకి మళ్ళారు. పట్టపగలు. పోలీసు ఒకాయన చేతులు వెనక్కి కట్టుకుని సముద్రం వైపు తిరిగి నించున్నాడు, ఆవేళ అలలు చాలా ముఖ్యమైనట్టు. మొదటి రాయి హాగ్ కొట్టు కిటికీకి తగిలింది. తర్వాత తలుపు పోయింది. "చేతికి చెయ్యి!" అని అరుస్తున్నారట. లోపలికి పోయినవాళ్ళకి మాత్రం చెయ్యి కంటే తొడ ముద్దొచ్చింది. పందితొడలు, సాసేజి దండలు, కొవ్వు డబ్బాలు భుజానేసుకుని బయటికొస్తున్నారు. దేశభక్తి అంత నూనె ఓడుతుందని నాకు అప్పటిదాకా తెలీదు. నేను అడ్డం వెళ్ళి "నో! మెషీన్! నో!" అని అరిచాను. టౌన్‌హాల్లో ముద్దుపెట్టిన ముసలావిడే మళ్ళీ ఎదురైంది. చంకలో సాసేజిలు. ఖాళీగా ఉన్న చేత్తో నా బుగ్గ నిమిరి, కళ్ళు తుడుచుకుని, ఇంటికి పోయింది.

హాగ్‌ని పోలీసులు "నీ క్షేమం కోసమే" అని పట్టుకుపోయారు. యుద్ధం అయ్యేదాకా ఆ క్షేమం నుంచి ఆయన బయటపడలేదు. లాటీ చెప్పుల్లేని కాళ్ళతో గాజుముక్కల మధ్య నిలబడిపోయింది.

పొద్దుగుంకకముందే మా తలుపు తట్టారు. పక్కింటి చేపల వర్తకుడి భార్య. మొహం వెలిగిపోతోంది. చేతుల్లో గుడ్డ చుట్టిన పెద్ద పందితొడ. అమ్మ చేతిలో పెట్టి, నా మొండిచేతిని చూపించి, తొడని చూపించి, తలాడించింది. దీనికి బదులు అది, తీసుకోండి, అని.

వచ్చినదాన్నల్లా కాదనకుండా తిన్న మా అమ్మ ఆ తొడ గుడ్డ విప్పి చూసింది. హాగ్ కొట్టు దారం ముడి ఇంకా దానికి వేలాడుతోంది. తొడని బిడ్డలా ఎత్తుకుని, వీధిలో అందరూ చూస్తుండగా నడిచి వెళ్ళి, విరిగిన బల్లమీద లాటీ ముందు పెట్టింది. ఇంటికొచ్చి, జామ్ సీసాలు, మీగడ, చేతితొడుగులు, బొచ్చు సంచి అన్నీ ఇంట్లో బొగ్గు మోసే తోపుబండిలో వేసింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాను.

"నా కూతురి చెయ్యి నేను కని పెంచిన చెయ్యి. కూలికి పంపి పోగొట్టాను. ఇప్పుడు అమ్ముకుని తినమంటావా?" అంది. తొయ్యమంది. నేను ఒంటిచేత్తో, అమ్మ రెండుచేతులా, ఆ బండిని కమిటీ ఆఫీసు మెట్లదాకా తోసి అక్కడే బోర్లించాం.

ఊరికి అదేం అర్థం కాలేదు. బాధతో మతి చలించింది పాపం అనుకున్నారు.

విల్ఫ్‌కి ఖాకీ బట్టలిచ్చేదాకా కొన్నాళ్ళు పట్టింది. వాటితో మొదటిసారి ఇంటికొచ్చిన రోజు నన్ను బీకన్ ఆఫీసుకి తీసుకెళ్ళాడు. అప్పటికి నాకు ఇంగ్లీషు కాస్త కాస్త పట్టుబడింది. దారిలో అడిగాను. "నీకు తెలుసు కదా అది మిల్లని. ఎందుకు చేరావ్?"

"తెలిసేకదా చిక్కు. వేరే ఇంట్లోవాణ్ణయితే ఇంట్లో కూచునేవాణ్ణి. పత్రిక నువ్వున్న మా ఇంటినే వేసింది. నేను పోకపోతే మా అమ్మ రొట్టె కొనడానిక్కూడా వీధిలోకి పోలేదు" అన్నాడు.

ఆఫీసులో ప్రైస్ మమ్మల్ని గుర్తుపట్టాడు. కుర్చీ కూడా వేశాడు. నేను కూడబలుక్కుని చెప్పాను. "నా చెయ్యి. మిల్లులో పోయింది. జర్మనులు కాదు. మీరు మళ్ళీ రాయాలి."

"చూడమ్మా" అన్నాడు ప్రైస్, ముక్కు తుడుచుకుంటూ. "నేను నీ చెయ్యి గురించి రాయలేదు. బెల్జియం గురించి రాశాను. అక్కడ ఘోరాలు జరగలేదంటావా?"

"జరిగాయి. చెప్పాను. పొలిదోర్. మీరు రాయలేదు."

"చదివేవాళ్ళకి గుర్తుండాలి కదా."

విల్ఫ్ ఎర్రబడ్డాడు. "అబద్ధమని మీకు ముందే తెలుసా?"

"నువ్వు చేరావా లేదా బాబూ?" అన్నాడు ప్రైస్. చాలా మర్యాదగా అన్నాడు. "ఆ ఒక్క మధ్యాహ్నం ఎంతమంది చేరారో తెలుసా? జర్మనీవాడు రేపు ఈ రేవులో దిగితే, నిజం రాసినందుకు మనకి దండ వేస్తాడా? నువ్వు రాజుగారి కోసం చేరావు. చెయ్యి ఒక సాకు."

"నేను రాజుగారి కోసం చేరలేదు. మీ పత్రిక చదివే పక్కింటాళ్ళ కోసం చేరాను" అన్నాడు విల్ఫ్.

ప్రైస్ నవ్వి, సవరణ వేస్తానని మాటిచ్చాడు. మాట తప్పలేదు కూడా. ఆ వారమే వేశాడు. ఈసారి నేనే కూడబలుక్కుని చదువుకున్నాను. "ఆ ఘోరం తట్టుకోలేక బెల్జియం బాలిక మతి చెదిరింది. తన చెయ్యి ఏదో మిల్లులో పోయిందని నమ్ముతోంది. ఆ పసిమనసు సత్యాన్ని మోయలేకపోతోంది. ఓ జర్మనీ, నువ్వు చేతులే కాదు, జ్ఞాపకాలు కూడా నరికావు!"

చదవడం అయ్యాక నాకు ఏడుపు రాలేదు. మెచ్చుకోబుద్ధేసింది. ఆ మిల్లు చక్రం కంటే ఈ చక్రం గొప్పది. ఏది పెట్టినా ఒకే నార తీస్తుంది. నేను ఔనంటే ఒక వార్త, కాదంటే ఇంకా పెద్ద వార్త.

అప్పట్నుంచి ఊళ్ళో నాతో గట్టిగా, నిదానంగా, చెవిటిదానితో మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు. కమిటీ పంపిన డాక్టరు నా కనురెప్పలు ఎత్తి చూసి, "మిల్లు ఇంకా కనపడుతోందా?" అని అడిగి వెళ్ళాడు. ఉత్తరాది పట్నాల్లో సభలకి నన్ను తిప్పుతామని ఒక కబురొచ్చింది. అమ్మ తలుపు దగ్గరే, తనకొచ్చిన ఇంగ్లీషంతా కలిపి, "గో" అంది.

టాప్సెలమ్మ మాత్రం మాతో మాట్లాడడం తగ్గించేసింది. కోపం కాదు. నా మొహం చూసినప్పుడల్లా ఆవిడ కళ్ళు పక్కకి పోయేవి. కొడుకు ఖాకీలో ఉన్నాడు. నేను చెప్పేది నిజమైతే వాడు దేనికి పోయినట్టు? ఆ ప్రశ్న నోట్లోంచి రాకుండా ఆవిడ రోజంతా గిన్నెలు తోముతూ ఉండేది, తోమినవే మళ్ళీ.

విల్ఫ్ ఫ్రాన్సు దాకా పోనేలేదు. ఇంగ్లండులోనే ఒక బీడులో గుడారాలు వేసి వాళ్ళకి కవాతు నేర్పుతున్నారు. తుపాకులు చాలక చీపురుకర్రలతో నేర్పారట. ఆ నవంబరంతా వాన. గుడారాల్లో మోకాలిలోతు బురద. డిసెంబరులో టాప్సెలమ్మకి టెలిగ్రాం వచ్చింది, న్యుమోనియా, వెంటనే రమ్మని. వెళ్ళింది. వారం తర్వాత తిరిగొచ్చినప్పుడు చేతిలో విల్ఫ్ బూట్లున్నాయి.

వంటింట్లో కూచుంది. అమ్మ పొయ్యి రాజేసింది.

మర్నాడే ప్రైస్ వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని. టాప్సెలమ్మ వాణ్ణి లోపలికి రానిచ్చింది. నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఆవిడ ఏం చెప్పిందో ప్రతిమాటా విన్నాను. గుడారం కారుతోందని చెప్పింది. ముప్ఫైమందికి ఒక నర్సు అని చెప్పింది. ఉమ్మే గిన్నె తనే పట్టుకున్నానని చెప్పింది. "చివరికి 'దుప్పటి తడిగా ఉందమ్మా' అన్నాడు. అదే ఆఖరి మాట. తడిగానే ఉంది. మార్చమని అడిగాను, వేరేది లేదన్నారు. రాసుకున్నారా?" అంది.

"రాసుకున్నానమ్మా" అన్నాడు ప్రైస్.

శుక్రవారం పత్రిక వచ్చింది. టాప్సెలమ్మ వంటింటి బల్ల దగ్గర నిలబడి పైకి చదివింది. "బెల్జియం బాలిక చేతికి బదులుగా తన నిండుప్రాణం ఇచ్చిన గ్రేవ్లీ వీరుడు. శత్రువు అడుగుల చప్పుడు వింటూ... పెదవులపై చిరునవ్వుతో... 'అమ్మా, ఆ చెయ్యికి న్యాయం చేశానని చెప్పు' అన్న ఆఖరి మాటలతో..."

గొంతు ఎక్కడా తడబడలేదు. చివరి అక్షరం దాకా చదివి, మడతపెట్టింది. బయట ఎవరో తలుపు తట్టారు. చేపల వర్తకుడి భార్య పూలగుత్తితో వచ్చింది. "ఎంత గొప్ప చావమ్మా! మీరు గర్వపడాలి" అంది.

"వాడు జబ్బుచేసి పోయాడు" అంది టాప్సెలమ్మ.

"అయ్యో, మీరలాగే అంటారు. తల్లిమనసు కదా, తట్టుకోలేదు" అందామె. మెల్లిగా, గట్టిగా, చెవిటిదానితో మాట్లాడినట్టు.

టాప్సెలమ్మ తలుపు వేసి వచ్చింది. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూచుంది. మూడునెలల్లో మొదటిసారి నా మొండిచేతి వైపు తిన్నగా చూసింది.

"విల్ఫ్ నాకు మొదట్లోనే చెప్పాడు. నోరుముయ్యమన్నాను" అంది. "ఆ మిల్లు సంగతి చెప్పు. మొదట్నుంచి చెప్పు" అంది.

చెప్పాను. ఇంగ్లీషు ఎక్కడ చాలకపోతే అక్కడ చేత్తో చెప్పాను. ఆవిడ మధ్యలో ఏడవలేదు. దేవుడి పేరెత్తలేదు. రెండుచోట్ల ఆపి, అర్థంకానిది మళ్ళీ అడిగింది. అంతా అయ్యాక, "చక్రం ఆపడానికి ఎవరూ లేరా?" అంది.

"ఉన్నాడు. ఆపితే మిగతా ఆడవాళ్ళ పని కూడా ఆగిపోతుంది. అందుకని వెంటనే ఆపలేదు" అన్నాను.

ఆవిడ తలాడించింది. తర్వాత తను చెప్పింది. ప్రైస్‌కి చెప్పినవే, వాడికి చెప్పనివీ. విల్ఫ్ గోళ్ళు నీలంగా మారిన సంగతి. పక్కమంచం కుర్రాడు రాత్రంతా పాటలు పాడిన సంగతి. అమ్మకి ఇంగ్లీషు రాకపోయినా పొయ్యి దగ్గర కదలకుండా కూచుని మొత్తం వింది.

మర్నాడు పొద్దున టాప్సెలమ్మ నల్లటోపీ పెట్టుకుని బయటికి నడిచింది. చర్చికేమో అనుకున్నాం. గంటకి తిరిగొచ్చింది, వెనకాల లాటీ. హాగ్‌ని పట్టుకుపోయినప్పట్నుంచి లాటీ చెక్కలు కొట్టిన కొట్టు వెనక, దీపం లేని గదిలో ఉంటోంది. పుట్టింటివాళ్ళు జర్మనువాడి పెళ్ళామని తలుపు తియ్యలేదు. టాప్సెలమ్మ ఆమె పెట్టెని మేడమీదికి మోయించి, విల్ఫ్ గదిలో పెట్టించింది.

"వీధిలోవాళ్ళు ఊరుకోరమ్మగారూ" అంది లాటీ, మెట్లమీదే ఆగిపోయి. "మీకెందుకు చెప్పండి నా గొడవ? రేపు పత్రికలో వేస్తాడు మిమ్మల్ని."

"వేయనీ. నన్ను ఎలాగూ వేశాడు. పైకి పద, మంచం మీద పొడిదుప్పటి ఉంది" అంది టాప్సెలమ్మ.

ప్రైస్ మమ్మల్ని వెయ్యలేదు. నలుగురాడవాళ్ళు ఒకింట్లో కలిసి బతకడం ఏం వార్త? కానీ వీధికి తెలిసిపోయింది. చేపల వర్తకుడి భార్య మా గుమ్మం చూసి అవతలి పక్కకి దాటేది. పాలవాడు రావడం మానేశాడు. ఆ శీతాకాలమంతా మేం నలుగురం ఆ బల్ల చుట్టూ కూచుని పాలులేని టీ తాగాం. చేదుగా ఉండేది. మొదట్లో అలవాటయ్యేదాకా మొహాలు చిట్లించుకునేవాళ్ళం. తర్వాత పాలవాడు మళ్ళీ వచ్చినా టాప్సెలమ్మ వాణ్ణి గుమ్మంలోంచే పంపించేసింది.